బాగుంది అని ఊరుకోకండి: చెన్నైలో మీ కంట పడ్డవి ఇక్కడ చెప్పండి

ఓఎంఆర్ ఒంటరి
శనివారం, ఉదయం 8:10

నేను యాప్‌లకి స్క్రీన్లు గీసే ఉద్యోగంలో ఉన్నాను. మా టీమ్‌లో అందరం ఒకరికొకరం లింకులు పంపుకుంటూ ఉంటాం. పోస్టర్లు, కుర్చీలు, ఎక్కడో యూరప్‌లో కెఫేలు, జపాన్ బిస్కెట్ డబ్బాలు. చూడగానే వావ్ అంటాం, సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండదు. ఇక్కడ కాస్త వేరేగా చేద్దామని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా. షరతులు రెండు. చెన్నైలో గానీ చుట్టుపక్కల గానీ మీరు స్వయంగా వెళ్ళి చూసిందై ఉండాలి. సూపర్, అద్భుతం అని వదిలేయకుండా, దాన్ని ఎలా చేశారో, అది అలాగే ఎందుకుందో మీకు తెలిసినంత రాయాలి. శిల్పమైనా సరే, సినిమా అయినా సరే, వంటింట్లో గిన్నె అయినా సరే.

ముందు నాది. ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వించి పలకల్ని మద్రాసుకి చేర్చాడు. వాటిలో చాలావరకు 1859లో లండన్ వెళ్ళిపోయాయి. అయినా మద్రాసులో ఉన్నవి తక్కువేం కాదు. అందులో ఒక గుండ్రటి పలక ఉంది. బుద్ధుడి మీదికి నలగిరి అనే మదపుటేనుగుని తోలిన కథ. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి ఒకణ్ణి తొండంతో పట్టి లాగుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు. అదే వీధిలో, కుడివైపు, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. మధ్యలో గీత లేదు, గడి లేదు. ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ ఒకే చట్రంలో ఉన్నాయి.

మా పనిలో స్క్రీన్ మారిందని జనానికి చెప్పడానికి బాణాలు, చుక్కలు, నెక్స్ట్ అనే బటన్ పెడతాం. ఆ శిల్పి ఇవేవీ లేకుండా ఏనుగు ఒంటి తీరు మార్చి ఊరుకున్నాడు. ఇంకోటి, మేడ కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తుంటారు. వాళ్ళని ఎందుకు చెక్కాడా అని చాలాసేపు చూశాను. కింద అంత గందరగోళం ఉన్నప్పుడు పైన కదలని ముఖాలు ఉంటేనే ఆ వేగం తెలుస్తుంది అనిపించింది.


కోడంబాకం కత్తెర
శనివారం, ఉదయం 9:02

ఎడిటింగ్‌లో అసిస్టెంట్‌ని. కిటికీలో ముఖాలు అన్నారు చూడండి, దాన్ని మేం రియాక్షన్ షాట్ అంటాం. చూసేవాడు ఎప్పుడు భయపడాలో ముందు తెర మీద ఇంకొకడు భయపడి చూపిస్తాడు.

కానీ ఒంటరి గారూ, దీన్ని సినిమా అని మాత్రం అనొద్దు (మీరు అనలేదు, ఎవరో ఒకరు అంటారని ముందే చెప్తున్నా). సినిమాలో మీ టైమ్ నా చేతిలో ఉంటుంది. ఏనుగు మోకరిల్లాక మళ్ళీ వెనక్కెళ్ళి తొక్కిసలాట చూసుకునే వీలు హాల్లో కూర్చున్నవాడికి లేదు. పలక ముందు నిలబడ్డవాడికి ఉంది. కుడివైపు చూసి ఎడమవైపు వెళ్తే, పడిపోయిన మనిషి మీద ఇంకా జాలి వేస్తుంది, ఎందుకంటే ఇంకాసేపు ఆగితే ఆ ఏనుగు లొంగేదని మనకి తెలుసు కాబట్టి. ఆ పని నా టైమ్‌లైన్ మీద చేయాలంటే ఫ్లాష్‌బ్యాక్ పెట్టాలి, డైరెక్టర్ ఒప్పుకోవాలి, ప్రొడ్యూసర్ నిడివి ఎక్కువైందని అనకూడదు.


మైలాపూర్ మనవడు
శనివారం, ఉదయం 9:40

సూపర్ పోస్ట్!


ఓఎంఆర్ ఒంటరి
శనివారం, ఉదయం 9:44

మనవడు గారూ, రూల్ నంబర్ రెండు.


మైలాపూర్ మనవడు
శనివారం, ఉదయం 10:15

సరే సరే. మాది నాలుగు తరాలుగా మద్రాసు, ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం అరవం ఉంటుంది, తప్పుంటే సర్దుకోండి. మహాబలిపురంలో ఆ పెద్ద బండ, అర్జున తపస్సు అంటారే, అందరూ ఏనుగుల ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఏనుగు దంతాల కింద చూడండి, ఒక పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తూ ఉంటుంది. దాని చుట్టూ ఎలకలు. పైన ముని చేస్తున్న తపస్సునే కింద దొంగ పిల్లి చేస్తోంది. పల్లవ రాజు డబ్బిచ్చి చెక్కించుకున్న బండ మీద ఇంత వెటకారం! బండ మధ్యలో సహజంగా ఉన్న పగులుని శిల్పులు పూడ్చకుండా గంగ దిగే దారి చేసి, అందులో నాగుల్ని చెక్కారు. పై నుంచి నీళ్ళు వదిలేవాళ్ళని అంటారు. రాయిలో లోపం వస్తే రాయి మార్చకుండా కథనే దాని చుట్టూ పెట్టుకున్నారన్నమాట.

ఇది చాలా?


వడపళని వాసి
శనివారం, ఉదయం 11:30

అందరికీ నమస్కారం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సెట్ అసిస్టెంట్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషిని. నేను వచ్చేసరికే పాతకాలం వెళ్ళిపోయింది కానీ, దాన్ని కళ్ళారా చూసిన మేస్త్రీల కింద పని నేర్చుకున్నాను.

మా ఇంటి దగ్గర వాహినీ స్టూడియో ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. ఆ మాల్‌లో మనవరాలికి ఐస్‌క్రీమ్ కొనిస్తూ నేను ఒక్కటే అనుకుంటా, ఇక్కడెక్కడో ద్వారక ఉండేదని. 1957 మాయాబజార్‌లో ద్వారకా నగరం కనిపిస్తుంది గదా, అది 50 అడుగులకి 60 అడుగుల జాగాలో 300 చిన్న చిన్న ఇళ్ళు కట్టి తీసింది. కళా దర్శకులు గోఖలే, కళాధర్ గార్ల పర్యవేక్షణ, కెమెరా మార్కస్ బార్ట్లే. ఆ బొమ్మ ఇళ్ళు కట్టి, దీపాలు అమర్చడానికి నాలుగు వారాలు పట్టింది.

చిన్న ఇల్లు కడితే చాలదు, బాబూ. చిన్న ఇంటికి లైటు కూడా చిన్నదే ఉండాలి. పెద్ద లైటు పడితే నీడ మందంగా వచ్చి, ఇది బొమ్మ అని పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. దగ్గరున్న ఇళ్ళు కొంచెం పెద్దవి, దూరం వెళ్ళేకొద్దీ చిన్నవి చేస్తే జాగాకి లేని లోతు కెమెరాకి దొరుకుతుంది. కెమెరా ఒక్క అడుగు పక్కకి జరిగితే ఆ లోతంతా పోతుంది. అందుకే సెట్ వేసేవాడు, కెమెరా పెట్టేవాడు ఒకరి మాట ఒకరు వినాలి. వెన్నెల పాట కూడా అంతే. ఎన్నూరులో బయట తీసింది కొన్ని సెకన్లు, మిగతా అంతా సెట్లో. ఏది బయటిదో ఏది లోపలిదో ఇన్నేళ్ళ తర్వాత కూడా సామాన్యుడికి పట్టుబడదు.

పనితనం అంటే ఖర్చు పెట్టడం అనుకుంటారు ఇప్పటివాళ్ళు. మాకు చెప్పింది వేరు: కెమెరాకి కనపడని వైపు ఒక్క మేకు కూడా కొట్టొద్దు.


ఓఎంఆర్ ఒంటరి
శనివారం, ఉదయం 11:52

వాసి గారూ, ఆ చివరి మాట మా ఆఫీసు గోడ మీద రాయించుకుంటా.


పెరంబూర్ పిన్ని
శనివారం, మధ్యాహ్నం 2:20

పొద్దున్నుంచి చదువుతున్నా. రాళ్ళు, సినిమాలు, అంతా మగవాళ్ళ కంటికి ఆనినవే. మా వీధి పంపు దగ్గరికి రండి, ప్లాస్టిక్ బిందెల వరస చూపిస్తా. పచ్చ, గులాబి, నారింజ, నీలం. ముద్దొచ్చే రంగులని కాదు, క్యూలో ఎవరి బిందె ఎవరిదో దూరం నుంచే తెలియాలని. ఇత్తడి బిందె రూపాన్నే ప్లాస్టిక్‌లో పోశారు, ఎందుకంటే ఆ రూపం లోహం వల్ల వచ్చింది కాదు, నడుము వల్ల వచ్చింది. మెడ సన్నగా ఉంటే చెయ్యి చుట్టుకుంటుంది, నీళ్ళు తొణకవు, పొట్ట నడుము మీద ఆనుతుంది. బకెట్‌తో అదే నీళ్ళు రెండంతస్తులు ఎక్కించి చూడండి, తెలుస్తుంది. మీ డిజైన్ పుస్తకాల్లో ఇది ఉందా?

ఇంక ముగ్గు. చుక్కలు పెట్టి, గీత ఎత్తకుండా వాటి చుట్టూ తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చే మెలికల ముగ్గు. ఇక్కడి వాళ్ళు సిక్కు కోలం అంటారు. మార్గళి (మన ధనుర్మాసం) వచ్చిందంటే మా వీధిలో పోటీ, టెన్షన్ కూడా. మీరు "ఎలా" అని అడిగారు కాబట్టి చెప్తున్నా, నా బుర్రలో ముగ్గు బొమ్మగా ఉండదు. ముందుకి, కుడికి, చుట్టు, వెనక్కి అని చేతికే గుర్తుంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటి నుంచి.


కరక్కాయ
శనివారం, మధ్యాహ్నం 3:05

పిన్నీ, మీరు చెప్పింది నిజంగా పరిశోధనే! 1970ల్లో తాంబరం మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్ళ తోటివాళ్ళు కోలాల మీద కంప్యూటర్ సైన్స్ పేపర్లు రాశారు. వ్యాకరణంలో సూత్రాలతో వాక్యాలు పుట్టినట్టు, కొన్ని సూత్రాలతో ముగ్గులు పుట్టించొచ్చని. ముగ్గు వేసేవాళ్ళ చేతి కదలికల్ని ముందుకి, కుడికి, వెనక్కి అని గుర్తులుగా రాసుకుని కూడా చూశారు.


పెరంబూర్ పిన్ని
శనివారం, మధ్యాహ్నం 3:11

అయితే నేను ఎప్పుడో రాయాల్సింది ఆ పేపరు.


ట్రెడిల్ తాత
శనివారం, సాయంత్రం 5:45

ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చే కంపోజిటరుగా మొదలై, డీటీపీ (కంప్యూటర్ మీద కూర్చడం) వచ్చాక ప్రూఫులు దిద్దుతూ ముగించాను. నాకు కళ గిళ తెలియదు, అచ్చు తెలుసు.

లజ్ కార్నర్‌లో పాత పుస్తకాల దగ్గర మొన్న కొన్ని పాత చందమామలు దొరికాయి. 1947 జులైలో మొదలైన పత్రిక, నాగిరెడ్డి చక్రపాణి గార్లది, వడపళని నుంచే వచ్చేది. పిల్లలు కథ కోసం చదివేవాళ్ళు, నేను అచ్చు కోసం చూసేవాణ్ణి. వడ్డాది పాపయ్య గారి అట్టబొమ్మలో రంగుల పొగమంచు చూస్తారు గదా. అది నాలుగు రంగుల అచ్చు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు దేనికది విడిగా, ఒకదాని మీద ఒకటి పడాలి. అలా సరిగ్గా పడటాన్ని రిజిస్ట్రేషన్ అంటాం, అది వెంట్రుకవాసి తప్పితే అమ్మాయి పెదవి బుగ్గ మీదికి పోతుంది. అచ్చులో అంత రిస్కు ఉందని తెలిసి కూడా ఆయన గీత గట్టిగా లేకుండా రంగులో రంగు కరిగేట్టు వేసేవారు.

లోపలి పేజీల్లో శంకర్ గారిది ఇంకో దారి. విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి, ఆ బొమ్మ చూడని తెలుగువాడు లేడు. లైన్ బ్లాకులో, అంటే గీతల బొమ్మ అచ్చేసే లోహపు దిమ్మలో, నలుపు, తెలుపు రెండే ఉంటాయి, బూడిద రంగు రాదు. మరి చీకటి, చెట్టు బెరడు, కండ ఎట్లా చూపించాలి? పెన్నుతో సన్న గీతలు పక్కపక్కన. గీత గీతకీ మధ్య జాగా ఎంతుంటే అంత వెలుతురు. మరీ దగ్గరైతే ఇంకు పూడుకుపోయి నల్ల మచ్చ అవుతుంది. ఆ లెక్క బొమ్మ వేసేవాడి చేతిలో ఉండాలి, ప్రెస్సువాడు కాపాడలేడు.

మీరు స్క్రీన్లు గీస్తానన్నారు. మీకు ఇంకు పూడుకుపోవడం లేదు గదా, అదృష్టవంతులు.


ఓఎంఆర్ ఒంటరి
శనివారం, సాయంత్రం 6:20

తాత గారూ, మాకూ ఉంది. చవక ఫోన్లలో, చిన్న సైజులో తెలుగు వత్తులు కలిసిపోయి చదవడానికి రావు. "క్ష్మ్య" లాంటిది వస్తే కింద ఏముందో దేవుడికే తెలియాలి. లైన్ల మధ్య జాగా పెంచమంటే, ఇంగ్లీషుకి బాగానే ఉందిగా అంటారు.

మీరు బాపు గారి అక్షరాల గురించి చెప్తారనుకున్నా. ఇప్పుడు ప్రతి శుభలేఖ మీదా ఆ ఫాంటే.


ట్రెడిల్ తాత
శనివారం, రాత్రి 7:05

ఆ ఫాంటు బాగుంటుంది, కాదనను. కానీ బాపు గారు ఒక బొమ్మ కింద రెండు "అ"లు రాస్తే రెండూ ఒకేలా ఉండవు. ఒకటి పొట్ట లాగి కూర్చుంటుంది, ఒకటి నడుస్తున్నట్టుంటుంది. ఫాంటులో వంద "అ"లూ ఒకే "అ". శుభలేఖలో పది లైన్లు చదివేసరికి అది చేతిరాత కాదని కన్ను పట్టేస్తుంది.


ఓఎంఆర్ ఒంటరి
శనివారం, రాత్రి 7:18

ఇప్పుడు ఒకే అక్షరానికి నాలుగైదు రూపాలు గీసి, పక్క అక్షరాన్ని బట్టి మార్చి మార్చి వచ్చేట్టు ఫాంట్‌లోనే రాయొచ్చు తాత గారూ.


ట్రెడిల్ తాత
శనివారం, రాత్రి 7:22

అప్పుడు ఆరో "అ" మొదటి "అ"నే గదా.


కోడంబాకం కత్తెర
శనివారం, రాత్రి 9:30

ఎవరూ మౌంట్ రోడ్ బ్యానర్ల మాట ఎత్తలేదు, నేను ఎత్తుతున్నా. చేతితో వేసిన సినిమా బ్యానర్లు. చిన్నప్పుడు బస్సులోంచి చూసినవి ఇంకా కళ్ళల్లో ఉన్నాయి. వేసే పద్ధతి నాకు ఒక పాత ఆర్టిస్ట్ చెప్పాడు. స్టిల్ ఫొటో మీద పెన్సిల్‌తో గళ్ళు కొడతారు. గుడ్డ బిగించిన పెద్ద ఫ్రేముల మీద అవే గళ్ళు పెద్దవిగా కొడతారు. ఒక గడిలో ఉన్నది ఒక గడిలోకి ఎక్కిస్తారు. ఒకాయన ఒక ఫ్రేము మీద హీరో కన్ను వేస్తుంటే, ఇంకో ఫ్రేము మీద ఇంకొకాయన చెవి వేస్తుంటాడు. షెడ్డులో జాగా చాలదు కాబట్టి అన్నీ కలిపితే ఎలా ఉంటుందో మౌంట్ రోడ్ మీద సారం (కర్రల పరంజా) కట్టి ఎక్కించాకే తెలిసేది.

ముఖం మీద ఆకుపచ్చ నీడలు, గులాబి బుగ్గలు ఎందుకంటే, కదిలే బస్సులోంచి, ఎండలో, రోడ్డు అవతల నుంచి చూసేవాడికి మామూలు చర్మం రంగు మట్టిలో కలిసిపోతుంది. దగ్గర నుంచి చూస్తే రాక్షసుడు, దూరం నుంచి చూస్తే రామారావు.

పోస్టర్లలో మనవాళ్ళదే చెయ్యి. పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి సాక్షి సినిమాతో మొదలుపెట్టి వేల సినిమాలకి పబ్లిసిటీ డిజైన్ చేశారు. 2000 ప్రాంతంలో ఫ్లెక్స్ వచ్చింది, బ్యానర్ షెడ్లు మూతపడ్డాయి. రాత్రి ఫైల్ పంపితే పొద్దున్నకి బోర్డు తయారు. ముఖాల్లో ప్రాణం పోయింది.


తొరైపాక్కం టీచర్
శనివారం, రాత్రి 10:10

కత్తెర గారూ, బ్యానర్ల మీద మీ ప్రేమ అర్థమైంది. 2019లో ఇదే ఊళ్ళో రోడ్డు మధ్యలో కట్టిన బ్యానర్ మీద పడి, వెనకొచ్చిన లారీ కింద ఒక అమ్మాయి ప్రాణం పోయింది. ఆఫీసు నుంచి బండి మీద ఇంటికి వస్తున్న పిల్ల. అప్పటి నుంచి నాకు బ్యానర్ చూస్తే బొమ్మ కనిపించదు, కట్టిన తాడు కనిపిస్తుంది.


కోడంబాకం కత్తెర
శనివారం, రాత్రి 10:31

అది ఫ్లెక్స్, చేతి బ్యానర్ కాదు అని వాదించొచ్చు. వాదించను. సారం కట్టినవాడి పని కూడా డిజైన్‌లో భాగమే, ఒప్పుకుంటా.


తొరైపాక్కం టీచర్
ఆదివారం, ఉదయం 7:50

పడుకునే ముందు అలా రాసి పోయాను, సరిగా నాది కూడా ఒకటి చెప్పాలి కదా. కణ్ణగి నగర్‌లో సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్తాను. ఊరి మధ్యలో కాలువ గట్ల మీద గుడిసెల్లో ఉన్నవాళ్ళని 2000 నుంచి తెచ్చి ఇక్కడ ఇళ్ళిచ్చారు, సునామీ తర్వాత ఇంకొంతమందిని. 2020లో స్టార్ట్ ఇండియా అనే ఫౌండేషన్ ఈ బ్లాకుల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించింది. మీలో చాలామంది ఫొటోలు చూసే ఉంటారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండింది. గోడకి రంగు వేస్తే లోపల చెమ్మ ఆరుతుందా? ఉద్యోగాలకి వెళ్తే అడ్రస్ చూసి వద్దంటారు, ఆ పేరు మీద మచ్చ రంగుతో పోతుందా? కెమెరాలు వేసుకుని జనం వచ్చి, వాళ్ళ తాడు మీద ఆరేసిన బట్టలు కూడా ఫొటో తీసుకుపోతారు.

కానీ పిల్లల దగ్గర ఇంకో సంగతి చూశాను. ఒకేలా ఉండే బ్లాకుల్లో ఇంతకు ముందు ఇల్లు చెప్పాలంటే నంబరు చెప్పేవాళ్ళు. ఇప్పుడు బొమ్మ చెప్తారు. చిన్నపిల్లలు తప్పిపోవడం తగ్గిందని ఒక తల్లి అంది. ఆర్టిస్టులు అనుకున్నది ఇదేనా, నాకు డౌటే. దారి చూపించే బోర్డులు పెట్టాల్సిన చోట బొమ్మలు ఆ పని చేస్తున్నాయి. ఇది మెచ్చుకోవాలో, బోర్డు పెట్టనందుకు తిట్టాలో తేల్చుకోలేకపోతున్నా.


వడపళని వాసి
ఆదివారం, ఉదయం 8:30

టీచరమ్మా, సెట్ పని చేసినవాణ్ణి కాబట్టి ఒక మాట. ముందు గోడకి రంగేసి వెనక వదిలేయడం సెట్‌కి న్యాయం. ఇంటికి కాదు. వెనక వైపే మనుషులు ఉంటారు.


ఓఎంఆర్ ఒంటరి
ఆదివారం, ఉదయం 8:47

నిన్న మీ మేకు మాట గోడ మీద రాయించుకుంటా అన్నా. దాని కింద ఇది కూడా రాయాలేమో.

టీచర్ గారూ, నేను అటే రోజూ వెళ్తాను, మెయిన్ రోడ్డు మీద నుంచి ఆ రంగులు చూసి సంతోషపడి ముందుకు పోతాను. లోపలికి ఎప్పుడూ తిరగలేదు.


ఉద్దానం పిల్ల
ఆదివారం, ఉదయం 10:05

ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే పాత ఇళ్ళ మ్యూజియంకి వెళ్ళారా ఎవరైనా? 1996లో తెరిచారు, చోటు డిజైన్ లారీ బేకర్‌ది. తమిళ, కేరళ, కర్ణాటక, తెలుగు ఇళ్ళు ఉన్నాయి, కొన్నిటిని ఉన్న ఊళ్ళోంచి విప్పదీసి తెచ్చి మళ్ళీ కట్టారు. అందులో మా వైపు చుట్టిల్లు ఉంది. మాది శ్రీకాకుళం, చూడగానే ఏడుపొచ్చింది నాకు.

ఎందుకలా గుండ్రంగా అంటే, తుపాను. మూలలున్న గోడకి గాలి అడ్డంగా తగులుతుంది, గుండ్రటి గోడ మీద జారి పక్కకి పోతుంది. కప్పు తాటాకు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, గాలి కింద దూరి కప్పు లేపకుండా. వానకి మట్టిగోడ తడవదు, ఎండాకాలం లోపల చల్లగా. లోపలికి వెళ్ళాలంటే వంగే వెళ్ళాలి. అలాంటి ఇళ్ళు మా ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రేకుల కప్పులు ఎగిరి ఎక్కడో కొబ్బరితోటల్లో పడ్డాయి. అలాగని మళ్ళీ చుట్టిల్లు కట్టుకోమంటే మా అమ్మే ఒప్పుకోదు. తాటాకు మార్చడం, ఎలకలు, నిప్పు భయం, ఎవరు పడతారు? మ్యూజియంలో ఇల్లు అందంగా ఉంది, అందులో పొయ్యి పొగ లేదు మరి.

పక్కనే ఇక్కత్ (నూలుకి ముందే రంగులద్ది నేసే బట్ట) నేతవాళ్ళ ఇల్లు, కొయ్యలగూడెంది. అది మగ్గం కోసం కట్టిన ఇల్లు, మనుషులు మగ్గం చుట్టూ సర్దుకున్నారు.


పెరంబూర్ పిన్ని
ఆదివారం, ఉదయం 11:20

మగ్గం అన్నావు కాబట్టి. మా పుట్టిల్లు చీరాల. మా తాతలు నేసిన గళ్ళ రుమాళ్ళకి ఊరి పేరు ఉండేది కాదు, రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని ఈ ఊరి పేరుతో ఓడెక్కేవి. పోయేది పశ్చిమ ఆఫ్రికాకి, నైజీరియా వైపు. అక్కడ పెళ్ళిళ్ళకి, పండగలకి ఆ గుడ్డే కట్టుకునేవాళ్ళట. నేసినవాడికి కట్టినవాడెవరో తెలియదు, కట్టినవాడికి చీరాల తెలియదు.

మద్రాస్ గళ్ళ గుడ్డ గురించే ఇంకోటి ఉంది. 1958లో ఒక అమెరికా వ్యాపారి ఇక్కడి నుంచి చాలా గుడ్డ కొనుక్కుపోయాడు. చల్లటి నీళ్ళలో విడిగా ఉతకాలని ఇక్కడ చెప్పి పంపితే, ఆ మాట కొనేవాళ్ళకి అందలేదు. మెషీన్‌లో వేశారు, రంగులన్నీ కారి ఒకదాన్లోకి ఒకటి పోయాయి. గొడవ. కేసులదాకా వెళ్ళేట్టుంటే, ఇది గ్యారంటీగా రంగు పోయే గుడ్డ, ప్రతి ఉతుకుకీ కొత్త గుడ్డ అవుతుంది అని పత్రికలో రాయించారు. ఎగబడి కొన్నారు!


ఓఎంఆర్ ఒంటరి
ఆదివారం, ఉదయం 11:34

మా ఆఫీసులో దీన్ని రోజూ చేస్తాం పిన్నీ. బగ్ దొరికితే ఫీచర్ అని పేరు పెట్టడం.


కరక్కాయ
ఆదివారం, మధ్యాహ్నం 12:40

రంగు పోవడం గురించి మాట్లాడుతున్నారు, నేను రంగు నిలవడం గురించి చెప్తా. ఇక్కడ టెక్స్‌టైల్స్ చదువుతున్నా, మాది శ్రీకాళహస్తి. చెన్నై నుంచి పొద్దున బస్సెక్కితే చూసి రాత్రికి వచ్చేయొచ్చు, కాబట్టి చుట్టుపక్కల కిందే లెక్క.

కలంకారీ బట్ట ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. కరక్కాయలో వగరు ఉంటుంది, అదే అసలు సంగతి. నలుపుకి తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిం అంటారు. కలం అంటే వెదురు పుల్లకి గుడ్డ చుట్టి దారంతో కట్టింది, ఆ గుడ్డ రంగుని పట్టి ఉంచి, వేలితో నొక్కినంతే వదులుతుంది. కసిం కుండలో చూస్తే పల్చటి బురదనీళ్ళు. బట్ట మీద పడగానే, కరక్కాయ వగరు తగిలి, మన కళ్ళ ముందే నల్లబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఎవరైనా ఇంకోసారి గీయమంటారు.

ఎరుపుది ఇంకా విచిత్రం. ఎర్ర రంగు కలంతో వేయరు. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు వేస్తారు. పటికకి రంగు ఉండదు. తర్వాత బట్ట మొత్తాన్ని ఎర్ర రంగునిచ్చే చెక్కలతో మరిగిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది కడిగితే పోతుంది. అంటే మా మామయ్య వేస్తున్నప్పుడు బొమ్మలో ఎరుపు ఎక్కడుందో ఆయన మనసులోనే ఉంటుంది. కడగడానికి పారే నీళ్ళు కావాలి, నిలవ నీళ్ళలో అదనపు పటిక పక్కకి పాకి మరకలు పడతాయి. కాళహస్తిలో ఈ పని నిలబడింది స్వర్ణముఖి నది వల్ల. ఇప్పుడు ఏట్లో నీళ్ళు ఉన్నన్నాళ్ళు ఏట్లో, లేనప్పుడు బోరు కింద.


ట్రెడిల్ తాత
ఆదివారం, మధ్యాహ్నం 1:15

అమ్మాయీ, కలంతో వేసేటప్పుడు నల్లగీత తప్పు పడితే ఏం చేస్తారు? మాకైతే అక్షరం పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు.


కరక్కాయ
ఆదివారం, మధ్యాహ్నం 1:28

నిమ్మరసం తాత గారూ. పులుపు తగిలితే ఇనుము, వగరు కలిసి పట్టిన నలుపు విడిపోతుంది. తడి గుడ్డతో అద్ది, కడిగి, మళ్ళీ కరక్కాయ పట్టించి గీయాలి. చిన్న గీతైతే సరే, పెద్ద తప్పైతే దాన్ని తీగగానో ఆకుగానో మార్చేస్తారు. మా ఊరి కలంకారీలో ఎక్కడైనా అక్కర్లేని చిలక కనిపిస్తే అనుమానించండి.


పెరంబూర్ పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 1:40

మా కోడలు కొనిచ్చిన కలంకారీ చీర ఒకటుంది, ఉతకడానికి భయమేసి బీరువాలోనే పెట్టా. ఎలా ఉతకాలో చెప్పమ్మా.


కరక్కాయ
ఆదివారం, మధ్యాహ్నం 1:52

ముందు అది చేత్తో వేసిందో, స్క్రీన్ ప్రింటో చూడండి పిన్నీ. చీర తిరగేస్తే చేత్తో వేసిందైతే గీత వెనక్కి దిగి ఉంటుంది, ఒకే పువ్వు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది. చేతిదైతే చల్లటి నీళ్ళు, కొంచెం కుంకుడు రసం, విడిగా. పిండొద్దు, నీడలో తిరగేసి ఆరేయండి. సబ్బు పొడి, మెషీన్ వద్దే వద్దు. కట్టుకుని పెళ్ళికి వెళ్తే పులిహోర, నిమ్మకాయ నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.


పెరంబూర్ పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 1:58

పులిహోర లేని పెళ్ళికి ఎవరు వెళ్తారే! సరే, రేపు తీసి ఉతుకుతా. ఒకే పువ్వు రెండు రకాలుగా లేకపోతే కోడలితో నేను మాట్లాడాల్సింది ఉంటుంది.